మూడో బెంచీ వైపు తిరిగే తలలు

(గుంటూరులో ఒక ఆదివారం సాయంత్రం ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక సోషల్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చి కూర్చున్నారు కాబట్టి ముస్లిం రాజుల పాఠాలు చెప్పేటప్పుడు నేను తరగతిలో చూసింది ముందు చెప్తాను, తర్వాత అభిప్రాయాలు మాట్లాడుకుందాం.

ఏడో తరగతిలో ఢిల్లీ సుల్తానుల పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద పాఠం పేరు రాసి వెనక్కి తిరిగేసరికి నలభై మంది పిల్లల్లో సగం మంది నా వైపు చూడటం లేదు. తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ కూర్చున్న పిల్లవాడు పుస్తకంలోకి తల దించుకుని, పెన్సిల్‌తో మార్జిన్‌లో గీతలు గీస్తున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా లేదు. కానీ ఆ పాఠంలో ఉన్నవాళ్ళందరికీ వాడే వారసుడని, వాడే జవాబు చెప్పుకోవాలని తరగతి మొత్తం నిర్ణయించేసింది. వాడి వయసు పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న ఆటో మెకానిక్. ఆ ఇంట్లో పూర్వీకులెవరో దూదేకుకుని బతికినవాళ్ళు, వాళ్ళ భాష తెలుగు, వాడికి ఉర్దూలో నాలుగు మాటలు కూడా రావు.

ఇరవై ఆరేళ్ళుగా సోషల్ చెప్తున్నాను. ప్రతి ఏడాదీ ఆ తలలు తిరుగుతూనే ఉన్నాయి, ఈ మధ్య ఇంకా ఎక్కువగా తిరుగుతున్నాయి.

మొదట్లో తప్పు నాలోనే ఉండేది. నేను కూడా నా టీచర్లు చెప్పినట్టే చెప్పేదాన్ని. "1323లో ఓరుగల్లు పడిపోయింది, మనం ఓడిపోయాం" అనేదాన్ని. ఒక ఏడాది ఒక అమ్మాయి, పాఠం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, బ్యాగు భుజాన వేసుకుని నా టేబుల్ దగ్గరకు వచ్చి "టీచర్, మనం అన్నారు కదా, అందులో నేను కూడా ఉన్నానా?" అని అడిగింది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. "ఉన్నావమ్మా" అన్నాను గానీ, అప్పటిదాకా నా నోట్లోని మనంలో ఆ పిల్ల లేదని ఇద్దరికీ అర్థమైపోయింది. ఆ రోజు నుంచి ఓరుగల్లు ఓడిపోయింది, ప్రతాపరుద్రుడు ఓడిపోయాడు అని చెప్తున్నాను. మనం అనే మాట వాడాల్సిన చోట అందరినీ కలిపే వాడుతున్నాను.

ఇప్పుడు తల్లిదండ్రుల సంగతి. పేరెంట్స్ మీటింగులో ఈ పాఠాల గురించి నాతో మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది కోపంగా ఏమీ ఉండరు. మొదటి ప్రశ్న మార్కుల గురించే. "ఆ చాప్టర్ నుంచి ఎన్ని మార్కులకు వస్తుందండీ?" అని ఒకమ్మ, "ఐఐటీ ఫౌండేషన్ క్లాసుకి టైం సరిపోవడం లేదు, హిస్టరీ కొంచెం తగ్గించరా" అని ఇంకొకాయన. వాళ్ళకి సుల్తానులూ ఒకటే, శాతవాహనులూ ఒకటే. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, దాన్ని పక్కన పెడదాం.

ఇంకో రకం వాళ్ళున్నారు. మిర్చి యార్డులో వ్యాపారం, ఊళ్ళో పొలం ఉన్న ఒక పెద్దాయన సూటిగా అడిగారు. "టీచర్ గారూ, మా పిల్లకి కాకతీయులు చెప్పండి, రెడ్డిరాజులు చెప్పండి, రాయలవారు చెప్పండి. అరబ్బులు, తురకలు, వాళ్ళ గోల మనకెందుకండీ? అది వాళ్ళ చరిత్ర." ఆయన మాటలో ద్వేషం లేదు. నా పిల్లకి నా ఊరి సంగతి తెలియాలన్న ఆరాటమే ఉంది.

నేను ఆయన్ని అడిగాను, "మీ పొలం పంట వివరాలుండే అడంగల్ కాగితం మీద ఫసలీ అని ఉంటుంది కదండీ, అదేంటి?" అని. "పంట సంవత్సరం. జూలై నుంచి జూన్ దాకా" అన్నారు ఠక్కున. "మరి 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా ఫసలీ 1434 అని ఎందుకు వేశారు? ఎక్కడి నుంచి లెక్కపెడితే 1434 వచ్చింది?" ఆయనకు తెలియదు. అక్కడున్న ముగ్గురు టీచర్లలో ఇద్దరికి కూడా తెలియదు.

మీకూ చెప్తాను, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ప్రవక్త మక్కా వదిలి మదీనా వెళ్ళింది సామాన్య శకం 622లో. ఆ వెళ్ళడాన్నే హిజ్రత్ అంటారు, ముస్లింల హిజ్రీ సంవత్సరం అక్కడి నుంచే మొదలవుతుంది. అది పూర్తిగా చంద్రుడి లెక్క, ఏడాదికి 354 రోజులే. మన పంచాంగంలో అయితే అధికమాసం వేసి సర్దుకుంటాం, హిజ్రీలో ఆ సర్దుబాటు లేదు. మరి రాజ్యం నడిపేవాడు హిజ్రీ తేదీల ప్రకారం శిస్తు వసూలు చేస్తే ఏమవుతుంది? గడువు ప్రతి ఏడాదీ పదకొండు రోజులు ముందుకు జరిగి, కొన్నేళ్ళకి పైరు ఇంకా చేలోనే ఉండగా శిస్తు కట్టమని మనిషి వచ్చి ఇంటి ముందు నిలబడతాడు. అందుకే అక్బర్ కాలంలో ఉత్తరాదిన పంటల ప్రకారం నడిచే సంవత్సరం పెట్టారు. ఫసల్ అంటే పంట. దక్కనులో అదే పద్ధతిని షాజహాన్ కాలంలో, 1636లో తెచ్చారు. అప్పటికి హిజ్రీ 1046 నడుస్తోంది. ఆ 1046ని అలాగే ఉంచి, అక్కడి నుంచి సూర్యుడి లెక్కన ఏడాదికొకటి కలుపుకుంటూ వచ్చారు. 1636లోంచి 1046 తీసేయండి, 590. 2024లోంచి 590 తీసేయండి, 1434. మొఘలులు పోయారు, నిజాం పోయాడు, ఇంగ్లీషువాళ్ళు పోయారు. మన రెవెన్యూ ఆఫీసులో ఆ లెక్క మాత్రం ఉండిపోయింది.

ఆయన కాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుని, "అయితే మా తాత కట్టిన శిస్తులో మక్కా నుంచి మొదలైన లెక్క ఉందన్నమాట" అన్నారు. అలా అని ఆయన మనసు ఆ రోజే మారిపోయిందని నేను చెప్పను. లేచి వెళ్ళేటప్పుడు కూడా ఒక మాట అన్నారు, "చెప్పండి, కానీ కూల్చిన గుళ్ళ సంగతి దాచకుండా చెప్పండి" అని. అది న్యాయమైన మాట. దాని దగ్గరికి వస్తాను.

ముందు మూడో బెంచీ పిల్లవాడి నాన్న సంగతి చెప్పాలి. ఆయన మీటింగు అయ్యేదాకా బయట వరండాలో నిలబడి, అందరూ వెళ్ళాక లోపలికి వచ్చారు. చేతులకి గ్రీజు మరకలు, ఎంత కడిగినా పోనివి. "మేడం, ఆ పాఠం ఎప్పుడు చెప్తారో ముందే చెప్పండి. ఆ రెండు రోజులు వాడికి జ్వరమని లెటర్ రాసిస్తాను" అన్నారు. పాఠం వద్దని కూడా అడగలేదాయన. చరిత్ర మార్చమనలేదు, పొగడమనలేదు. తన కొడుకు ఆ గదిలో లేకుండా ఉంటే చాలన్నారు. ఇంటికి వెళ్ళాక కూడా ఆ మాటే గుర్తొస్తూ ఉండింది.

ముస్లిం కుటుంబాల్లోనే ఇంకో తల్లి మరోలా అడిగింది. "చార్మినార్, తాజ్‌మహల్ చెప్పండి టీచర్, అవి చాలు. యుద్ధాలవీ ఎందుకు?" అని. ఆమెకూ నేను ఒప్పుకోలేదు. మంచివి మాత్రమే చెప్తే పిల్లలు మిగతాది బయట వింటారు, టీచర్ అబద్ధం చెప్పిందని అనుకుంటారు, ఆ తర్వాత నేను ఏం చెప్పినా నమ్మరు.

కొంతమందికి ఇంకో అనుమానం ఉంది, బడిలో మతం బోధిస్తున్నారా అని. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కుదరదు. కానీ మతాల గురించి, వాటి చరిత్ర గురించి తెలియజెప్పడం వేరని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నమాజు ఎలా చేయాలో నేర్పడం నా పని కాదు. బాగ్దాద్ ఎందుకు అంత గొప్ప నగరమైందో, 1258లో మంగోలుల చేతిలో ఎలా నాశనమైందో చెప్పడం నా పని.

అసలు మనం మూడు నాలుగు వేరువేరు సంగతుల్ని ఒకే సంచిలో వేసేస్తున్నాం. ఇస్లాం అనే మతం పుట్టి పెరిగిన కథ ఒకటి. ఇక్కడ పాలించిన ముస్లిం రాజుల కథ వేరు. మన మధ్య బతికిన మామూలు ముస్లింల కథ ఇంకా వేరు, ఆ కథ పాఠాల్లో దాదాపు ఉండనే ఉండదు. ఇక ఇరవయ్యో శతాబ్దపు రాజకీయం, దేశ విభజన మరొకటి. మన ఊళ్ళో పిల్లలు రోజూ జిన్నా టవర్ సెంటర్ మీదుగా బడికి వస్తారు. 2022లో ఆ పేరు మార్చాలని గొడవ జరిగింది, తర్వాత స్తంభానికి మూడు రంగులు వేశారు, అవన్నీ వాళ్ళు చూశారు. దాంతో వాళ్ళ బుర్రలో జిన్నా, బాబరు, గజనీ ఒకే ఇంటివాళ్ళయిపోయారు. వాళ్ళ మధ్య వందల ఏళ్ళు, వేల మైళ్ళు ఉన్నాయని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

గజనీ అంటే గుర్తొచ్చింది. పరీక్ష మళ్ళీ మళ్ళీ రాసేవాణ్ణి మనం "గజినీ మహమ్మద్‌లా దండయాత్రలు చేస్తున్నాడు" అంటాం కదా. ఆయన పేరు మహమూద్ అండీ, మహమ్మద్ కాదు. మనకి అది చిన్న తేడాగా కనిపిస్తుంది. ప్రవక్త పేరుని రోజూ గౌరవంగా తలుచుకునే ఇంటి పిల్లకి, దోచుకుపోయినవాడి పేరుగా ఆ పేరు వినబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇది నాకు కూడా చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక పిల్లలు. వాళ్ళకి ఈ పాఠాలంటే ఇష్టం లేదనుకోవడం తప్పు. నా దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. పాఠం మొదలుపెట్టే ముందు రోజు, పేరు రాయకుండా ఏమైనా అడగండని చిన్న చీటీలు ఇస్తాను. కొన్ని చీటీలు చెప్తాను. "గుళ్ళు ఎందుకు కూలగొట్టారు?" ఇది ప్రతి ఏడాదీ కనీసం పది చీటీల్లో ఉంటుంది. "మసీదులో దేవుడి బొమ్మ ఉండదంట, మరి దేనికి దండం పెడతారు?" "మన ఊళ్ళో ముస్లింలందరూ అరబ్ దేశం నుంచి వచ్చారా?" "అక్బర్ మంచోడా చెడ్డోడా, ఒక్క మాటలో చెప్పండి." ఒక ఏడాది ఒక చీటీ వచ్చింది, అందులో ప్రశ్న లేదు. "నన్ను బాబర్ అని పిలవొద్దని అందరికీ చెప్పండి టీచర్" అని ఉంది. పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా, మార్జిన్‌లో పెన్సిల్ గీతలున్నాయి.

గుళ్ళ ప్రశ్నకి నేను సూటిగానే జవాబు చెప్తాను. అవును, కూల్చారు. ఓరుగల్లు పడిపోయిన కొన్నేళ్ళకి ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం ఉంది. తురుష్కుల పాలనలో జనం ఎంత నలిగిపోయారో, పూజలు, అగ్రహారాలు ఏమయ్యాయో అందులో రాసి ఉంది. ఆ సారాంశం తరగతిలో చదివి వినిపిస్తాను. అల్ బిరూనీ అనే పండితుడు, మహమూద్ కాలం వాడే, ముస్లిం, సంస్కృతం నేర్చుకుని 1030 ప్రాంతంలో ఈ దేశం మీద పెద్ద గ్రంథం రాశాడు. మహమూద్ దాడులు ఇక్కడి సౌభాగ్యాన్ని పూర్తిగా నాశనం చేశాయని, జనం దుమ్ము రేణువుల్లా చెదిరిపోయారని ఆయనే రాశాడు. ఇది చెప్పగానే తరగతిలో ఒక మార్పు కనిపిస్తుంది. దాడి చేసినవాడిదీ, అది నాశనమని రాసిపెట్టినవాడిదీ ఒకే మతం అని పిల్లలకి తెలుస్తుంది. మూడో బెంచీ వాడికి కూడా తెలుస్తుంది, ఈ ఇద్దరిలో నేను బిరూనీ పక్కన కూర్చోవచ్చని.

పాత శాసనాల్లో తురుష్కులు అనే మాట కనిపిస్తుంది, అది మధ్య ఆసియా నుంచి వచ్చిన తుర్కీ జాతివాళ్ళని ఉద్దేశించిన మాట. మనం ఆ మాటనే తురకలు చేసి, తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి కూడా తగిలించేశాం.

తర్వాత గోల్కొండ పాఠం. ఇది మన పిల్లలకి సగం ముందే తెలుసు, భద్రాద్రి రామదాసు కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు కదా. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు చూసినవాళ్ళు చేతులెత్తండంటే తరగతి మొత్తం ఎత్తుతుంది. ఆ అక్కన్న మాదన్నలు ఎవరంటే తానీషా మంత్రులు, బ్రాహ్మణులు. సుల్తాను రాజ్యాన్ని నడిపింది వాళ్ళు. 1686లో కొలువులోని ప్రత్యర్థుల కుట్రలో గోల్కొండలో వాళ్ళని చంపేశారు. మరుసటి ఏడాది ఔరంగజేబు వచ్చి గోల్కొండని పట్టుకుని తానీషాని దౌలతాబాదు కోటలో ఖైదు చేశాడు. ఇప్పుడు చెప్పండి పిల్లలూ, ఇందులో మనవాళ్ళెవరు, వాళ్ళవాళ్ళెవరు అని అడుగుతాను. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ రెండు నిమిషాల కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను.

ఇబ్రహీం కుతుబ్ షా సంగతి ఇంకా బాగుంటుంది. సుల్తాను కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు అక్కడ వంటబట్టింది. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖానుకి పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్ర అంకితమిచ్చాడు, అది తెలుగులో మొదటి అచ్చతెనుగు కావ్యం. సంస్కృతం మాటల్ని ఉన్నదున్నట్టు వాడకుండా రాసిన తొలి కావ్యాన్ని అందుకున్నది ఒక ఖాన్! అదే ఇబ్రహీం 1565లో తనకి అన్నం పెట్టిన రామరాయల మీద మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. ఇది కూడా చెప్తాను. ఒక పిల్లవాడు "ద్రోహి కదా టీచర్" అన్నాడు, ఇంకో అమ్మాయి "రాజులందరూ అంతే" అంది. వాళ్ళు గంటసేపు వాదించుకున్నారు. అందులో ఒక్కరు కూడా మతం మాట ఎత్తలేదు, నేను గమనించాను.

ఐఐటీ ఫౌండేషన్ తల్లిదండ్రులకి కూడా ఒకటి చెప్పాలి. మన బ్రహ్మగుప్తుడి లెక్కలు ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాద్ చేరి అరబ్బీలోకి వెళ్ళాయి. తర్వాత అక్కడే అల్ ఖ్వారిజ్మీ మన అంకెలతో లెక్కలు చేయడం మీద పుస్తకం రాశాడు. ఆయన రాసిన ఇంకో పుస్తకం పేరులోని అల్ జబ్ర్ నుంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. ఆయన పేరే అల్గారిథం అయింది. మన శూన్యం అక్కడ సిఫ్ర్ అయి, యూరప్ వెళ్ళి జీరో అయింది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ప్రపంచ చరిత్ర పుస్తకంలో "సెంట్రల్ ఇస్లామిక్ ల్యాండ్స్" అని ఒక అధ్యాయం ఉండేది, దాన్ని తీసేశారు. పన్నెండో తరగతిలో మొఘల్ కొలువుల అధ్యాయం కూడా తీసేశారు. పిల్లలకి భారం తగ్గించడానికన్నారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను, భారం తగ్గలేదు. ఆ ఖాళీలోకి వాట్సాప్ వచ్చి కూర్చుంది. పుస్తకంలో ఉన్నదాని మీద పిల్లవాడు నన్ను ప్రశ్న అడగగలడు, ఫోనులో వచ్చినదాన్ని ఎవరిని అడుగుతాడు?

పాఠాల చివర్లో ఒక పీరియడ్ ఒట్టి మాటల కోసం పెడతాను. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వాడే మాటల్లో అరబ్బీ, పారశీకం నుంచి వచ్చినవి ఏరుకు రమ్మంటాను. కుర్చీ, కాగితం, కలం, జేబు, దుకాణం, ఖరీదు, రసీదు, హక్కు, అర్జీ, వకీలు, జిల్లా, తాలూకా. రైతు అన్న మాట కూడా అక్కడిదే. పెడనలో అద్దే కలంకారీ పేరులో కలం ఉంది. తారీఖు అనే మాట రాగానే నేను ఆగుతాను. మనకి తారీఖు అంటే ఆ రోజు తేదీ. అరబ్బీలో, ఉర్దూలో ఆ మాటకి చరిత్ర అని కూడా అర్థం. మీరు రోజూ నోట్సులో పైన మూల రాసే మాటే చరిత్ర అంటే పిల్లల ముఖాలు చూడాలి మీరు.

ఆ మెకానిక్ గారు చివరికి జ్వరం లెటర్ రాయలేదు. రాయొద్దని నేనే బతిమాలాను, ఆ రెండు రోజులు వాడి బాధ్యత నాదని మాటిచ్చాను. పాఠానికి ముందు చీటీల డబ్బా తీసి, పేరు లేని ఆ చీటీని తరగతికి చదివి వినిపించాను. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. వాణ్ణి ఆ పేరుతో పిలిచే ఇద్దరెవరో నాకు తెలుసు. వాళ్ళు ఆ పీరియడంతా తలెత్తలేదు. తర్వాత వాళ్ళు పిలవడం మానేశారా అంటే, ఒకడు మానేశాడు. రెండోవాడి కోసం వాళ్ళ నాన్నని పిలిచి మాట్లాడాల్సి వచ్చింది, అది అంత సులువుగా జరగలేదు, ఇప్పటికీ ఆయన నాతో సరిగా మాట్లాడరు.

ఒక విన్నపం చేసి ముగిస్తాను. వచ్చే రెండో శనివారం ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని కొండవీడు తీసుకెళ్తున్నాం. పాతిక కిలోమీటర్లే. రెడ్డిరాజులు కట్టిన కోట, 1515లో గజపతుల నుంచి రాయలవారు గెలిచిన కోట, 1580 ప్రాంతంలో గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చి ముర్తజానగర్ అని పేరు పెట్టించుకున్న కోట. చివరికి 1788లో గుంటూరు సీమ ఇంగ్లీషువాళ్ళ కిందకి వెళ్ళింది. ఆ మధ్యలో రెండు వందల ఏళ్ళు మన ముత్తాతల ముత్తాతలు ఎవరికి శిస్తు కట్టారో, ఏ భాషలో రసీదు తీసుకున్నారో అక్కడ కూర్చుని మాట్లాడుకుంటాం. బస్సులో ఇంకా పన్నెండు సీట్లున్నాయి, అవి తల్లిదండ్రుల కోసమే ఉంచాం. మిర్చి యార్డు పెద్దాయన వస్తానన్నారు, వాళ్ళ తాతగారి పాత శిస్తు కాగితాలు ఉన్నాయట, తెస్తానన్నారు. మెకానిక్ గారు ఆ రోజు షెడ్డు మూసేసి వస్తానన్నారు. మిగతా పది సీట్లకి పేర్లు ఆ తలుపు దగ్గర కూర్చున్న మేడంకి ఇవ్వండి. కొండ పైన ఎండ ఎక్కువగా ఉంటుంది, నీళ్ళ సీసా మరిచిపోకండి.